పిచ్చుక చూసుకున్న వారం

మెడికల్ కాలేజీ దరఖాస్తులో రెండో పేజీ మొత్తం ఖాళీ. పైన ఒక్కటే ప్రశ్న: మీరెప్పుడైనా ఒక రోగిని దగ్గరుండి చూసుకున్నారా, చూసుకుని ఉంటే ఆ అనుభవం మీ మాటల్లో రాయండి. మిగతా కాగితాలన్నీ ఒక్క పూటలో నింపేసిన పిచ్చుక ఆ పేజీ దగ్గర పదకొండు రోజులు ఆగిపోయింది.

పిచ్చుక అన్నది తాతయ్య పెట్టిన పేరు. చిన్నప్పుడు కంచంలో నాలుగు ముద్దలు గెలికి లేచిపోయేదని అలా పిలిచేవాడు. పద్దెనిమిదేళ్ళొచ్చినా ఇంట్లో ఎవరూ ఆ పేరు వదల్లేదు. చదువులో మాత్రం గట్టిపిండం. ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంది. ఇక మిగిలినవి ఈ దరఖాస్తూ, ఇంటర్వ్యూ.

రాయడానికి విషయం లేక ఆగిపోలేదు. అమ్మ తండ్రి, అంటే ఆ తాతయ్యే, నలభై ఏళ్ళు తాళంచెవుల కొట్టు నడిపిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒక్కసారే పోగొట్టుకుని రెండేళ్ళపాటు వీళ్ళ ముందుగదిలో మంచాన ఉన్నాడు. నాన్న సిటీ బస్సు డ్రైవరు. అమ్మ ఒక పెద్ద హోటలు లాండ్రీలో దుప్పట్లు మడుస్తుంది. ఇద్దరూ తెల్లారగానే వెళ్ళాల్సినవాళ్ళే. అక్క ఇంటరు ముగించి డిగ్రీలో చేరాల్సిన వేసవిలో ఇది జరిగింది. "ఈ ఒక్క ఏడాదికి సర్దుకోవే" అన్నారు. ఏడాది కాస్తా రెండేళ్ళయింది. తాతయ్య పోయి ఎనిమిది నెలలు. అక్క ఇప్పుడు ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో ఫ్రేములకు అద్దాలు బిగిస్తుంది.

పిచ్చుక మొదట రాసింది నిజమే. మా అక్క తాతయ్యని రెండు గంటలకోసారి పక్కకి తిప్పింది. ట్యూబులోంచి ఆహారం పట్టింది. నడుము కింద పుండు పడితే నాలుగు నెలలు ఓపిగ్గా కట్టు మార్చి మాన్పింది. ఇలా పేజీ నిండా అక్కే. బయాలజీ మేడంకి చూపిస్తే ఆవిడ కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, "చాలా బాగా రాశావు. చదువుతుంటే మీ అక్కకి సీటిచ్చేయాలనిపిస్తోంది. మరి ఇందులో నువ్వెక్కడున్నావ్?" అంది.

అబద్ధం రాయమని ఆవిడ చెప్పలేదు. ఆ పాపాన్ని ఆవిడ మీదకి తోసెయ్యడానికి పిచ్చుక తర్వాత చాలాసార్లు ప్రయత్నించింది గానీ కుదరలేదు. ఆ సాయంత్రం తనే కూర్చుని మార్చింది. మార్చడానికి గంట కూడా పట్టలేదు. వాక్యం చివర రెండక్షరాలు మారిస్తే మనిషే మారిపోతుంది. తిప్పింది అన్నచోట తిప్పాను. తుడిచింది అన్నచోట తుడిచాను. మాన్పింది అన్నచోట మాన్పాను. ఇంకేదీ కదిలించలేదు. శుభ్రంగా తిరగరాసి, కవరు అంటించి, పోస్టు చేసి వచ్చి, ఏం రాశావే అని అక్క అడిగితే, తాతయ్య కొట్టు గురించి రాశానని చెప్పింది.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చాక అక్కే దగ్గరుండి తయారు చేసింది. నాన్న డ్రైవరు టోపీ పెట్టుకుని, స్టూలు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, డాక్టరు ఎందుకవ్వాలనుకుంటున్నావని గొంతు మార్చి అడిగేది. మానవాళికి సేవ చేయడానికని పిచ్చుక అనగానే, "పోలీసులకి వాంగ్మూలం ఇస్తున్నట్టుంది, మళ్ళీ చెప్పు" అనేది. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. నవ్వుతూనే పిచ్చుక, మాట ఆ రెండో పేజీ వైపు వెళ్ళకుండా చూసుకునేది. ఇంటర్వ్యూ రోజు పొద్దున చొక్కా ఇస్త్రీ చేసిచ్చి, కాలరు సరిచేసి పంపింది కూడా అక్కే.

నాన్న సెలవు పెట్టి వెంట వచ్చాడు. వరండాలో బెంచీ మీద కూర్చుని, "భయపడకు తల్లీ, రద్దీలో బండి నడిపినట్టే, కంగారు పడకపోతే అదే దారిస్తుంది" అన్నాడు.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో కమిటీ పెద్ద, పొట్టి జుట్టు నెరిసిన డాక్టరమ్మ. ఒకపక్క జలుబుతో చేతి రుమాలు వదలని ప్రొఫెసరు. మరోపక్క నర్సులకు పాఠాలు చెప్పే పెద్దావిడ. ప్రొఫెసరు ఊపిరితిత్తుల గురించి రెండు ప్రశ్నలు వేసి, తుమ్మి, తల పంకించాడు. డాక్టరమ్మ, చదువు కాకుండా ఏమిష్టమని అడిగింది. అంతా సాఫీగా సాగుతోంది. అప్పుడు నర్సావిడ రెండో పేజీ తన ముందుకు లాక్కుంది. పేజీ అంచుల్లో పెన్సిలు గీతలున్నాయి.

"రెండు గంటలకోసారి తిప్పానని రాశావమ్మా. పుండు పడితే మాన్పానని కూడా రాశావు. నాదో చిన్న సందేహం. అంత జాగ్రత్తగా తిప్పుతుంటే అసలు పుండెలా పడింది?"

ఆ పుండు ఎలా పడిందో ఈ భూమ్మీద తెలిసింది ఇద్దరికే. అందులో ఒకరు పోయారు.

తాతయ్య మంచాన పడ్డ ఏడాదికి అక్కకి టైఫాయిడ్ వచ్చి ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంది. పిచ్చుకకి పరీక్షల ముందు సెలవులు. పగలు తాతయ్య బాధ్యత తనకొచ్చింది. అక్క వణుకుతూనే గోడ మీది చార్టు చూపించి అప్పగింతలు పెట్టింది. ఏ గంటకి ఏ పక్కకి తిప్పాలి, దిండు ఎక్కడ దోపాలి, తిప్పిన ప్రతిసారీ ఒక గీత ఎలా గియ్యాలి. మొదటి రోజు పిచ్చుక అన్నీ చేసింది. రెండో రోజు రెండుసార్లు మర్చిపోయింది. మూడో రోజు నుంచి లోపలి గదిలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫిజిక్సు లెక్కల్లో కూర్చుంది. తాతయ్యకి ఏదైనా కావాలంటే ఎడమచేత్తో మంచం పట్టె మీద తట్టేవాడు. వినపడకూడదనే ఇయర్‌ఫోన్లు. సాయంత్రం అమ్మ వచ్చే వేళకి చార్టు మీద గీతలన్నీ ఒకేసారి గీసేసేది. అమ్మ పన్నెండు గంటలు నిలబడి వచ్చేది. గీతలు చూసి నమ్మి, పక్కకి తిప్పి పడుకోబెట్టేది తప్ప ఒళ్ళు పరీక్షగా చూసే ఓపిక ఆవిడకి లేదు. ఒళ్ళు తుడిచే పని పిచ్చుకదే. నాలుగో రోజున నడుము కింద ఎర్రబడటం చూసింది. చూసి, కాస్త పౌడరు చల్లింది. ఐదో రోజున ఇయర్‌ఫోన్లు తీసి చూస్తే, తాతయ్య తట్టడం మానేశాడు. ఇవాళ గొడవ చెయ్యలేదు, నయం, అనుకుంది.

ఇదంతా ఆ కుర్చీలో కూర్చున్న పిచ్చుక గొంతు దాకా వచ్చింది. పరుపు బాలేదని చెప్తే సరిపోయేది. ముగ్గురూ తల ఊపేవాళ్ళు. ఎందుకో నోరు అటు తిరగలేదు.

"నా వల్లే పడిందండి" అంది. "ఒక వారం నేను సరిగ్గా తిప్పలేదు. పరీక్షలకి చదువుకుంటూ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. తిప్పకుండానే తిప్పినట్టు చార్టులో గీతలు గీశాను."

ప్రొఫెసరు రుమాలు దించాడు.

"ఆ తర్వాత నువ్వే మాన్పావన్నమాట" అంది నర్సావిడ మెల్లగా.

ఇంకో రెండు మాటలు చాలు. మా అక్కండి. అంతే. పిచ్చుక ఆవిడ ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో తన మీద గౌరవం పుడుతోంది. అంతవరకూ ఎవరూ తనని అలా చూడలేదు.

"అవునండి" అంది.

"ముప్పై ఏళ్ళుగా ఈ ప్రశ్న వేస్తున్నాను. పరుపంటారు, వాతావరణమంటారు, వయసంటారు. నా వల్లే అన్న పిల్లని ఇవాళే చూస్తున్నా" అని నర్సావిడ ఆ పేజీ పక్కన పెట్టింది.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. సీటు వచ్చింది. తాతగారిని చూసుకున్న విషయంలో మీరు చూపిన నిజాయితీ కమిటీని ప్రత్యేకంగా ఆకట్టుకుంది, అని కింద ఒక వాక్యం కూడా ఉంది. నాన్న ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, రోజూ ఎక్కే ప్రయాణికుల్లో సగం మందికి చదివి వినిపించాడు. అమ్మ లాండ్రీలో తోటివాళ్ళందరికీ స్వీట్లు పంచింది. ఇంట్లో ఎవరి కాళ్ళూ నేల మీద నిలవలేదు. పిచ్చుక ఒక్కతే తిన్నది ఒంటబట్టక, ఎవరైనా అభినందిస్తే చూపు తప్పించుకుంటూ తిరిగింది.

ఆదివారం మధ్యాహ్నం. అమ్మానాన్నా బయటికెళ్ళారు. వంటగదిలో అక్క గిన్నెలు కడిగి చేతులు తుడుచుకుంటూ, "నువ్వు రాసింది కొట్టు గురించన్నావ్, వాళ్ళేమో తాతయ్యని చూసుకోవడం అంటున్నారు. ఏదీ, చూపించు" అంది.

పిచ్చుక నకలు తెచ్చి బల్ల మీద పెట్టింది. అక్క నిలబడే చదివింది. సగానికొచ్చాక కూర్చుంది. పిచ్చుక సింకు దగ్గర గోడకి ఆనుకుని, తిడుతుందేమో, కాగితం మొహాన కొడుతుందేమోనని ఎదురు చూసింది.

"ఇదంతా నేనేగా" అంది అక్క.

"అవునక్కా."

"నన్ను నేను చదువుకుంటే బాగానే ఉన్నాను." అక్క నవ్వబోయి ఊరుకుంది. "ఏడవకు. ఈ అనుభవం నా దగ్గరుంటే దేనికీ పనికిరాదు. నాకు ఇంకో రోగి గది చూడాలని లేదు, ఆ డెట్టాలు వాసనకే కడుపులో తిప్పుతుంది. అడిగుంటే ఇచ్చేదాన్ని. అడక్కుండా తీసుకున్నావ్. అంతే తేడా."

ఇన్ని వారాలుగా పిచ్చుక కుళ్ళి కుళ్ళి ఏడ్చిన విషయాన్ని అక్క రెండు ముక్కల్లో తేల్చి పక్కన పెట్టేసింది. అక్కడితో ముగిసిపోయేదే. అక్క కాగితం మడతపెడుతూ, "మరి నిజాయితీ అంటారేంటే? ఏం చెప్పావ్ వాళ్ళకి?" అంది.

పిచ్చుక సింకు మీది నీళ్ళ మరకలు చేత్తో తుడవసాగింది.

"చెప్పు."

"పుండు నా వల్లే పడిందని చెప్పాను."

అక్క చేతుల్లో మడత ఆగిపోయింది. "నేను ఆస్పత్రికి వెళ్ళేటప్పటికే ఎర్రగా ఉందన్నావు కదా."

"లేదక్కా. అప్పుడేం లేదు. తర్వాతే వచ్చింది. నేను తిప్పలేదు."

అక్క ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు పిచ్చుకకి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. జుట్టు సగం రాలి, గోడ పట్టుకుని నడుస్తూ, వచ్చిన గంటలోనే తాతయ్య బట్టలు మార్చబోయి ఆ పుండు చూసింది. ఎప్పట్నుంచి, అంది. నువ్వెళ్ళేటప్పటికే ఎర్రగా ఉందక్కా, నీకసలే జ్వరం కదా అని చెప్పలేదు, అని పిచ్చుక అప్పటికప్పుడు అల్లింది. అక్క మారుమాట్లాడకుండా నమ్మేసింది. జ్వరం మత్తులో చూసుకోలేదన్నమాట, అని తల పట్టుకుంది.

ఆ రోజు నుంచి అక్క రెండు గంటల్ని గంటన్నర చేసింది. తాతయ్య ఎడమచేతికి ఒక దారం కట్టి, రెండో కొస తన వేలికి చుట్టుకుని కిందే పడుకునేది. నాలుగు నెలల్లో పుండు మానినా దారం విప్పలేదు. స్నేహితురాలి పెళ్ళికి కూడా వెళ్ళలేదు. ఎంత ప్రేమో ఈ పిల్లకి తాతంటే, అనేవాళ్ళు చూడ్డానికొచ్చినవాళ్ళు. ఆఖరికి ఆయన గుండె ఆగి పోయిన రోజున అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, నేను జ్వరమని పడుకోకుండా ఉంటే ఇంకో ఏడాది బతికేవాడమ్మా, అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ మాట అన్నప్పుడు పిచ్చుక అదే గదిలో, గుమ్మం పక్కన నిలబడి ఉంది. విని ఊరుకుంది.

"దాదాపు రెండేళ్ళు" అంది అక్క. గొంతు పెంచలేదు. "అద్దంలో చూసుకున్నప్పుడల్లా నన్ను నేను తిట్టుకున్నా. ముక్కూమొహం తెలియని ముగ్గురికి చెప్పగలిగావ్. నాకు చెప్పలేకపోయావా?"

"భయమేసిందక్కా."

"వాళ్ళకి చెప్తే సీటిచ్చారు. నాకు చెప్తే ఏమొస్తుందిలే."

పిచ్చుక అక్క కాళ్ళ దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకోబోయింది. అక్క చెయ్యి తీసేసుకుంది. కాలేజీకి ఉన్నదున్నట్టు రాసేయనా అని అడిగింది పిచ్చుక. అప్పుడు మాత్రం అక్కకి కోపం వచ్చింది.

"అది నన్నడక్కు. నీ వంతు పని ఇంకెన్నిసార్లు నాచేత చేయిస్తావ్?" అని లేచి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయింది.

పిచ్చుక ఆ బల్ల దగ్గరే కూర్చుని రాసింది. నాలుగు వాక్యాలు. తాతయ్యని చూసుకున్నది మా అక్క. పుండు మాన్పింది మా అక్క. నేను చూసుకున్నది ఎనిమిది రోజులు. పుండు పడింది ఆ రోజుల్లోనే. మర్నాడు పొద్దున స్వయంగా కాలేజీకి వెళ్ళి ఆఫీసు గుమాస్తా చేతికిచ్చి, రసీదు తీసుకుని వచ్చింది.

పది రోజులకి పిలిచారు. ఈసారి డాక్టరమ్మా, నర్సావిడా ఇద్దరే. డాక్టరమ్మ విసుక్కోలేదు. "మేం సీటిచ్చింది ఈ పేజీలో ఉన్న అమ్మాయికి. ఆ అమ్మాయివి నువ్వు కాదని నువ్వే రాశావు. ఈ ఏడాదికి వెనక్కి తీసుకోక తప్పదు. ఎందుకన్నది మా ఫైల్లో ఉంటుంది. వచ్చే ఏడాది ఎక్కడ రాసుకున్నా ఈ సంగతి నువ్వే ముందు చెప్పు" అంది.

నర్సావిడ గుమ్మందాకా వచ్చింది. ఓదార్చుతుందేమోనని పిచ్చుక ఒక్క క్షణం ఆశపడింది. ఆవిడ అడిగింది వేరే.

"మీ అక్క ఎలా ఉంది?"

"మాట్లాడటం లేదండి."

ఆవిడ తల ఊపి లోపలికెళ్ళిపోయింది.

ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. అమ్మ ఆ పూటంతా కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది. నాన్న ఉత్తరం జేబులోంచి తీసి సొరుగులో పెట్టి, నెలరోజులపాటు పిచ్చుకతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అందరికీ చెప్పుకున్నాను కదే, అని ఒకే ఒకసారి అన్నాడు. ఆ ఒక్కటీ చాలు. బస్సులో అడిగినవాళ్ళకి ఆయన ఏం జవాబు చెప్పుకున్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు.

పిచ్చుక ఆ ఏడాది ఒక రక్తపరీక్షల కేంద్రంలో పనికి కుదిరింది. సీసాల మీద పేర్లు అంటించే పని. ఏ సీసా ఎవరిదో రెండుసార్లు సరిచూసుకుని గాని అంటించేది కాదు. నిదానమని పైవాళ్ళు గొణిగేవాళ్ళు. మరుసటి ఏడాది మళ్ళీ పరీక్ష రాసింది. రెండో పేజీలో ఆ ఎనిమిది రోజుల గురించే రాసింది, ఏం చెయ్యలేదో అదే. రెండు కాలేజీలు ఇంటర్వ్యూకే పిలవలేదు. మూడోది పిలిచి, నిలబెట్టి ప్రశ్నలడిగి, వెయిటింగ్ లిస్టులో పెట్టి, తరగతులు మొదలవడానికి నాలుగు రోజుల ముందు సీటు ఖాళీ అయిందని కబురు పెట్టింది. ఈసారి స్వీట్లు పంచలేదు. నాన్న ఎవరికీ చెప్పలేదు. కానీ రైలు టికెట్టు మాత్రం తనే వెళ్ళి తీసుకొచ్చాడు.

అక్క మాట్లాడటం ఎప్పుడో మొదలుపెట్టింది. మొదటి మాట, తడి తువ్వాలు నా మంచం మీంచి తియ్యి, అన్నది. తర్వాత కొద్దికొద్దిగా మామూలయింది. అయితే పూర్తిగా మామూలు కాలేదు. మధ్యమధ్యలో, కూర తరుగుతూనో, బట్టలు ఆరేస్తూనో, ఉన్నట్టుండి ఆ పుండు సంగతే మళ్ళీ అడిగేది. దాదాపు రెండేళ్ళు నమ్మిన మాట ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పగానే ఊడి పడిపోదు కదా. అడిగిన ప్రతిసారీ పిచ్చుక చెప్పేది.

ప్రయాణానికి ముందురోజు పిచ్చుక అక్క పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళింది. బేరాల్లేని వేళ. అక్క దీపం కింద తల వంచి, ఆవగింజంత మరని చిన్న స్క్రూడ్రైవరుతో బిగిస్తోంది. సర్దుకున్నావా, చార్జరు పెట్టుకున్నావా, అని తలెత్తకుండానే అడిగింది. పెట్టుకున్నానంది పిచ్చుక. మర బిగిసింది. అక్క ఫ్రేముని వెలుతురుకి ఎత్తి చూసి, కిందపెట్టింది.

"నేను ఆస్పత్రికి వెళ్ళిన రోజు పొద్దున... నిజంగా ఏం లేదు కదా?"

"ఏం లేదక్కా. ఎరుపన్నదే లేదు, శుభ్రంగా ఉంది. నువ్వు బాగానే చూసుకున్నావ్."

"అలా కాదు. మొదట్నుంచి చెప్పు."

పిచ్చుక సంచి కింద పెట్టి, బేరానికొచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు దగ్గరకి లాక్కుంది. అక్క ఆస్పత్రికి వెళ్ళిన ఆ సోమవారం నుంచి మొదలుపెట్టింది.